హడ్సన్ మీద పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు: నేను వాడి చూసిన యాప్‌లు, సైట్లు, ఒక పసుపు పుస్తకం

రెండు గంటల సేపు గ్రాంట్ సమాధిని చూస్తూ కూర్చున్నాం. హడ్సన్ నదికి మన్‌హాటన్ వైపు ఒడ్డున, 122వ వీధి దాటాక, చెట్ల మీంచి గుండ్రటి బురుజులా తలెత్తి కనిపించే కట్టడం అది, ఒకప్పటి అమెరికా అధ్యక్షుడిది. మా తెరచాప నిండుగానే ఉంది. పడవ మూతి దగ్గర నీళ్ళు గలగలమంటున్నాయి, వెనకాల చాలు కూడా పడుతోంది. ఒడ్డు మీంచి చూసేవాళ్ళకి మేం బ్రహ్మాండంగా వెళ్తున్నట్టే. సమాధి మాత్రం ఉన్నచోటే ఉంది. మా ఆయన మూడోసారి అడిగారు, “లంగరు పొరపాటున పడిపోయిందేమో చూశావా?” అని. మోటారు వేద్దామంటే పెట్రోలు డబ్బా కారు డిక్కీలో ఉండిపోయింది. అది ఎవరి పొరపాటో ఇక్కడ రాయను.

ఆ పొద్దున ఒక ఉచిత యాప్ చూసుకుని బయల్దేరాం. దాని పేరు కూడా రాయను. రంగులు బాగుంటాయి, చేపబొమ్మ ఒకటి ఈదుతూ ఉంటుంది. ‘ది బ్యాటరీ, హై టైడ్ 10:00’ అని చూపించింది. బ్యాటరీ అంటే మన్‌హాటన్ దక్షిణపు కొస, ఈ నది వచ్చి న్యూయార్క్ అఖాతంలో కలిసే చోటు. పదింటికి పోటు (నీళ్ళు ఎక్కడం) అయిపోతుంది, ఇక పాటు (దిగడం) మొదలు, నీళ్ళే మమ్మల్ని దక్షిణానికి లిబర్టీ విగ్రహం దాకా మోసుకుపోతాయి అనుకున్నాను. పదీ పదికి తాడు విప్పాం. మధ్యాహ్నం పన్నెండుంబావు దాకా నది ఉత్తరానికే నడిచింది. తర్వాత ఎవరో గొలుసు వదిలేసినట్టు పడవ దానంతటదే కదిలింది. అప్పటికి ఓపిక అయిపోయి వెనక్కి తిప్పాం. పులిహోర డాక్ మీదే తిన్నాం.

యాప్ అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బ్యాటరీ దగ్గర నీటిమట్టం నిజంగా పదింటికే పైకెక్కి దిగడం మొదలుపెట్టింది. కానీ నీళ్ళ ఎత్తు వేరు, నీళ్ళ నడక వేరు. హడ్సన్‌లో పోటు సముద్రం నుంచి ట్రాయ్ ఊరి దగ్గరున్న ఆనకట్ట దాకా, దాదాపు 153 మైళ్ళు, ఒక పొడుగాటి అలలాగా ఎక్కుతూ పోతుంది. బ్యాటరీ దగ్గర నీరు దిగడం మొదలైనా పైన నది ఇంకా నిండుతూనే ఉంటుంది. ఆ నింపే నీళ్ళు మా పడవ కిందినించే కదా వెళ్ళాలి! అందుకే మా దగ్గర మట్టం దిగడం మొదలైన సుమారు రెండు గంటలకి గానీ ప్రవాహం దిశ మారదు. ఈ ముక్క తెలియక ఈ నది మీద పడవ నడపడం, రైలు వచ్చే టైమ్ తెలుసు గానీ ఏ దిక్కుకి పోతుందో తెలియదన్నట్టు ఉంటుంది.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి వంతెన రాకముందు పంటు తిరిగేది. మా తాతయ్య దాని మీద సరంగు. రేవులో మెట్లు ఎన్ని మునిగాయో చూసి జనం పోటు లెక్క చెప్పేవారు, తాతయ్య మాత్రం మెట్ల వైపు చూసేవాడు కాదు. కొబ్బరి డొక్క ఒకటి నీళ్ళలోకి విసిరి, బీడీ అయ్యేదాకా అది ఎటు పోతోందో చూసేవాడు. “మెట్లు నిండినా డొక్క ఇంకా పైకే పోతందే, ఆగండెహె” అని కేకేసేవాడు. ఎనిమిదేళ్ళ పిల్లగా నాకు అది ఆట. నలభై ఏళ్ళు పోయాక, సముద్రాలు దాటి వచ్చి, గ్రాంట్ సమాధి ముందు అర్థమైంది.

మా పడవ సంగతి చెప్పాలి, లేకపోతే ఈ లెక్కలు తేలవు. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక, 51 ఏళ్ళ వయసులో నేర్చుకుని కొన్న 22 అడుగుల పాత పడవ. న్యూజెర్సీలో, ఎడ్జ్‌వాటర్ వైపు ఒక మరీనాలో పెట్టుకున్నాం. మంచి గాలి ఉంటే 4 నాట్లు నడుస్తుంది. నాట్లంటే వరి నాట్లు కాదు, గంటకి నాటికల్ మైళ్ళు. మా దగ్గర్నుంచి బ్యాటరీ సుమారు 8 నాటికల్ మైళ్ళు. పాటు జోరు మీదున్నప్పుడు నది 2 నాట్లు నడుస్తుంది. అది మనవైపుంటే 4కి 2 కలిసి 6, గంటా ఇరవై నిమిషాల్లో చేరతాం. ఎదురైతే 4లోంచి 2 పోయి 2, నాలుగు గంటలు. గాలి మందగించి పడవ ఒకటిన్నర నాట్లకి పడిందా, ఇక సమాధి దర్శనమే. పెద్ద మోటారున్న వాళ్ళకి ఈ గొడవ లేదు. మాలాంటి వాళ్ళకి టైమ్ లెక్కే మోటారు.

ఆ రోజు నుంచి నేను టైడ్ యాప్‌ల వెంట పడ్డాను. దింపినవి పదిపైనే ఉంటాయి. చాలావరకు బీచ్‌కి వెళ్ళేవాళ్ళకీ, గాలం వేసేవాళ్ళకీ చేసినవి. ఎత్తు చూపిస్తాయి, చంద్రుడి బొమ్మ చూపిస్తాయి, అక్కడితో సరి. నదిలో పడవకి కావలసింది ప్రవాహం. ఏ గంటకి ఎటు, ఎంత వడి, ఎప్పుడు ఆగుతుంది. అదీ నెట్ లేకుండా రావాలి. న్యూజెర్సీ వైపు పాలిసేడ్స్ కొండలు నిట్టనిలువు గోడల్లా ఉంటాయి, వాటి కింద నా ఫోన్‌కి సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. ఎండలో, తడి వేళ్ళతో చదవగలిగితే ఇంకా సంతోషం.

మొదట అందరూ వెళ్ళాల్సింది నోవా సైటుకి. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థది, పైసా ఖర్చు లేదు. నేను డబ్బు పెట్టి కొన్నవాటితో సహా, అమెరికా తీరానికి ఏ యాప్ చెప్పే లెక్కలకైనా మూలం చాలావరకు ఇక్కడిదే. ఇందులో ఎత్తుకి ఒక పేజీ, ప్రవాహానికి ఇంకో పేజీ. నాలాంటి వాళ్ళు మొదటిదానిలోకి వెళ్ళి, పనైపోయిందనుకుని బయటికొస్తారు. ప్రవాహం పేజీలో మ్యాప్ మీద నది వెంబడి చుక్కలుంటాయి, మీకు దగ్గరున్న చుక్క నొక్కాలి. నా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న ఒక ఆదివారం ప్రింటు ఇలా ఉంటుంది: 11:10 స్లాక్, 2:25 ఎబ్ మైనస్ 2.1, 5:30 స్లాక్. స్లాక్ అంటే నీళ్ళు నిలబడే టైమ్. ఎబ్ అంటే పాటు, 2.1 దాని వడి నాట్లలో. మైనస్ అంటే తగ్గడం కాదు, సముద్రం వైపు పోతోందని గుర్తు. నేను మొదటి నెలంతా మైనస్ చూసి ‘ఓహో, నెమ్మదిగా ఉంది’ అనుకున్నాను. ఎవరూ నవ్వకండి.

ఎత్తు పేజీలో ఏడాది మొత్తానికి పట్టిక ఒకేసారి దించుకోవచ్చు. నేను డిసెంబర్లో దించి, మా ఆయన ఆఫీసులో ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెడతాను. నోవా లెక్కలకి అచ్చు పట్టికలు వేయడం 2020 సంవత్సరంతో ఆపేశారు, ఇప్పుడంతా తెర మీదే. ఇంకో మాట. బ్యాటరీ దగ్గర సగటున నీరు నాలుగున్నర అడుగులు ఎక్కి దిగుతుంది. యాప్‌లో సున్నా అని కనిపిస్తే నీళ్ళు లేవని కాదు. రోజుకి వచ్చే రెండు పాటుల్లో తక్కువదాని సగటుని సున్నా అనుకుంటారు, చార్టు (పడవ నడిపేవాళ్ళ పటం) మీద లోతులు కూడా దాని నుంచే కొలుస్తారు. అందుకే రెండూ కూడుకోవచ్చు. ఇది అర్థం కానంతకాలం మా ఆయన ‘0.2 అడుగులు’ చూసినప్పుడల్లా ఒడ్డు దిగి నడిచి వెళ్దామనేవారు.

ఈ లెక్క ఎలా కడతారో చూస్తే ముచ్చటేస్తుంది. చంద్రుడు లాగేది ఒకటి, సూర్యుడు లాగేది ఒకటి, చంద్రుడు దగ్గరికొచ్చి దూరం పోయే తేడా ఒకటి, ఇలా ఒక్కోదానికి ఒక్కో అల కట్టి అన్నీ కూడుతారు. నోవా వాళ్ళు మామూలుగా 37 అలలు తీసుకుంటారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ 37నీ ఇత్తడి చక్రాలతో, కప్పీలతో కూడే యంత్రం ఒకటి 1910లో తయారుచేశారు, ముద్దుపేరు ‘ఓల్డ్ బ్రాస్ బ్రెయిన్స్’. పదకొండడుగుల పొడుగు, టన్ను పైన బరువు. 1960ల మధ్యదాకా అమెరికా రేవుల పోటు పట్టికలన్నీ అదే తిప్పింది. ఇప్పుడు ఆ పని నా ఫోను బ్లౌజు జేబులో... జేబు లేదనుకోండి, లైఫ్ జాకెట్ జేబులో కూర్చుని రెప్పపాటులో చేస్తుంది.

నాకు బాగా నచ్చింది, ఈ రెండేళ్ళలో ఎక్కువసార్లు తెరిచింది ఎక్స్‌టైడ్ కుటుంబం. ఎక్స్‌టైడ్ కంప్యూటర్ మీద నడిచే ఉచిత ప్రోగ్రాము. చూడ్డానికి 1990ల బ్యాంకు తెరలా ఉంటుంది, అందం జోలికి పోలేదు. మావాడు సెలవులకి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో పెట్టిచ్చాడు. స్థానాల జాబితాలో కిందికి దిగుతుంటే హడ్సన్ నది కింద ఒక పేరు కనిపించి ఫక్కున నవ్వాను: ‘గ్రాంట్స్ టోంబ్, 123వ వీధి’. ప్రవాహం లెక్క చెప్పే స్థానం అది! నేను రెండు గంటలు ఎక్కడైతే నిలబడిపోయానో సరిగ్గా అక్కడికి, నీళ్ళు ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడు తిరుగుతాయో ఎవరో ఎప్పుడో లెక్కకట్టి పెట్టారు. నేనే అడగలేదు.

ఇదే లెక్కని ఐఫోన్‌లో ఇచ్చేది ఆయ్‌టైడ్స్. దీనికి ఒకసారి డబ్బు కట్టాలి. నెట్ అక్కర్లేదు, డేటా అంతా ఫోన్లోనే ఉంటుంది. ఎత్తుకీ ప్రవాహానికీ వేరే వేరే స్థానాలు, గీత మీద వేలు జరిపితే ఆ నిమిషానికి ఎంతో చెబుతుంది. నేను ఇష్టమైనవాటిలో నాలుగు పెట్టుకున్నాను: బ్యాటరీ ఎత్తు, గ్రాంట్ సమాధి ప్రవాహం, జార్జ్ వాషింగ్టన్ వంతెన ప్రవాహం, టారీటౌన్ ప్రవాహం. తాడు విప్పే ముందు ఈ నాలుగూ చూడ్డానికి అర నిమిషం. ఎండలో తెర సరిగా కనపడదు, నల్ల కళ్ళద్దాలు తీయాల్సిందే. మా ఆయనది ఆండ్రాయిడ్. ఆయనకి దీని జోడీ దొరకలేదు, ప్రింటు కాయితమే ఆయన యాప్. చెప్పొద్దూ, వానలో ఆయన కాయితమే నా ఫోన్ కన్నా బాగా పనిచేసింది.

ఇక్కడ ఒక గంట గొడవ గురించి చెప్పాలి. మార్చిలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు కదా, ఇండియాలో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు. నేను వాడిన ఇంకో ఉచిత యాప్ ఒకటి ఏడాది పొడుగునా శీతాకాలపు టైమే చూపించింది. ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంది, చత్వారం వచ్చినవాళ్ళకి కనపడదు. ఏప్రిల్లో రెండు వారాలు ప్రతిదానికీ గంట తప్పాం. గంట తప్పితే ఏమవుతుంది అంటారా? నీళ్ళు నిలబడే టైమ్‌లో మరీనాలోకి రావాల్సింది, ఒక నాట్ పైన ప్రవాహం అడ్డంగా తోస్తుండగా వచ్చాం. పక్క పడవ రంగు మా పడవకి కొంచెం అంటింది. నోవా సైటులో కూడా స్థానిక ప్రామాణిక సమయమా, వేసవి సమయంతో కలిపా, గ్రీనిచ్ సమయమా అని ఎంచుకునే గడి ఉంటుంది. ప్రింటు తీసే ముందు అది చూసుకోండి. కొత్త యాప్ ఏది దించినా నేను చేసే మొదటి పని, వేసవిలో ఒక రోజుకి బ్యాటరీ పోటు టైమ్ నోవాతో పోల్చడం. అయిదు నిమిషాల తేడా ఉంటే పట్టించుకోను. అరవై నిమిషాలుంటే తీసేస్తాను.

పసుపు పుస్తకం ఎల్‌డ్రిడ్జ్. పూర్తి పేరు ఎల్‌డ్రిడ్జ్ టైడ్ అండ్ పైలట్ బుక్, 1875 నుంచి ఏటా వస్తోంది. మా మరీనాలో ముసలి నావికులందరి దగ్గరా ఉంటుంది, కొందరు పాత సంవత్సరాలవి కూడా పంచాంగాల్లా దాచుకుంటారు. ఎలక్ట్రానిక్ పరికరాల రివ్యూలో పుస్తకం ఏంటి అనకండి. న్యూయార్క్ రేవులో ప్రవాహం గంటగంటకి ఎటు పోతుందో బాణాలతో వేసిన పటాలు ఇందులో ఉంటాయి, నాకు మొదటిసారి మొత్తం బొమ్మ బుర్రకెక్కింది వాటి వల్లే. యాప్‌లు ఒక్కో చుక్క చూపిస్తాయి. ఈ పటాలు ఈస్ట్ రివర్, హడ్సన్, అఖాతం మూడూ ఒకదానితో ఒకటి ఎలా కుస్తీ పడతాయో ఒకేచోట చూపిస్తాయి. ఈస్ట్ రివర్‌లో హెల్ గేట్ అనే చోట వడి 5 నాట్లు దాటుతుంది. మా పడవ అక్కడికి ఎందుకు పోకూడదో ఆ పేజీ చూస్తే చాలు.

చార్టూ ప్రవాహమూ కలిపి కావాలంటే నావియోనిక్స్ యాప్. ఏటా చందా. నది పటం మీదే బాణాలు కదులుతాయి, టైమ్ జరిపితే బాణాలు తిరుగుతాయి. చూడ్డానికి ఇంతకన్నా హాయిగా ఏదీ లేదు, కొత్తవాళ్ళకి చూపించి ఒప్పించడానికి ఇదే వాడతాను. లోతులు, నీళ్ళ మీద తేలే దారిగుర్తులు అన్నీ ఒకే తెర మీద. కానీ పోటు లెక్క కోసమే అయితే ఏటా డబ్బు కట్టక్కర్లేదు. మేం చార్టు కోసం తీసుకున్నాం, బాణాలు కొసరు. ఖర్చే వద్దనుకుంటే ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌సీపీఎన్ ఉంది, ఉచితం, పోటు ప్రవాహాలు కూడా చూపిస్తుంది. మా 22 అడుగుల దాంట్లో ల్యాప్‌టాప్ పెట్టే జాగా ఉప్మా గిన్నెది, కాబట్టి ఇంట్లోనే చూస్తాను.

ఇవన్నీ సరిగ్గా వాడినా, నవంబర్లో మరీనాలోనే బురదలో కూరుకుపోయాం. పడవని ఆ సీజన్‌కి ఒడ్డెక్కించాల్సిన రోజు. పట్టిక ప్రకారం పడవ వెన్నుదూలం (కీల్) కింద ఒక అడుగు నీళ్ళు ఉండాలి. రెండు రోజులుగా వాయవ్యం నుంచి గాలి విరగబడి కొడుతోంది. బ్యాటరీ దగ్గర గేజి చూస్తే నీళ్ళు లెక్కకన్నా అడుగున్నర తక్కువ. గాలి నీళ్ళని సముద్రంలోకి తోసేసింది! పడవ ఊగడం మానేసి, ఇంటి అరుగులా స్థిరంగా నిలబడింది. మా ఆయన దానిమీద నిలబడి, “ఇప్పుడు మాత్రం నాకు టెన్షన్ లేదు” అన్నారు. మళ్ళీ పోటు ఎక్కేదాకా నాలుగు గంటలు ఆగాం.

పట్టికల్లో చంద్రుడూ సూర్యుడూ ఉంటారు గానీ రేపటి గాలి ఉండదు. కాబట్టి బయల్దేరే పొద్దున నోవా సైటులోనే గేజి పేజీ చూడాలి. బ్యాటరీ గేజి 1850ల నుంచి నీళ్ళు కొలుస్తోంది. లెక్క ఒక గీత, నిజంగా ఉన్న నీళ్ళు ఒక గీత. రెండు గీతల మధ్య సందు ఎంతో చూస్తే ఆ రోజు సంగతి తెలిసిపోతుంది. గాలిని కూడా కలిపి ముందే చెప్పేది హోబోకెన్‌లోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ వరద హెచ్చరికల సైటు. ఉచితం. వాళ్ళు ముఖ్యంగా వరదల కోసం చేసినది, నేను నీళ్ళు తక్కువవుతాయా అని తలకిందులుగా వాడుకుంటున్నాను. గాలి ఏం చేయగలదో చెప్పాలంటే, 2012 అక్టోబర్ 29న శాండీ తుపాను రాత్రి బ్యాటరీ దగ్గర నీళ్ళు ఇందాక చెప్పిన సున్నా మీద 14 అడుగులు ఎక్కాయి. అందులో తొమ్మిది అడుగుల పైచిలుకు తుపాను తోసినవే. ఆ రోజు ఏ టైడ్ యాప్ తెరిచినా మామూలు రోజులాగే కనిపించి ఉంటుంది.

సరిగ్గా కుదిరిన రోజు ఒకటి చెప్తాను, లేకపోతే ఇదంతా ఏడుపులా ఉంది. జూన్‌లో ఉత్తరానికి, క్రోటన్ దాకా వెళ్ళాం. నదిలో పోటు అల మనతో పాటే ఉత్తరానికి పోతుంది కదా, బ్యాటరీ నుంచి ఆల్బనీ దాకా ఎక్కడానికి దానికి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. అంటే ఉత్తరానికి వెళ్ళే పడవకి పోటు సాగుతుంది, అక్కడికక్కడ ఉండేవాళ్ళకి ఆరు గంటలైతే మనకి ఏడు, ఏడున్నర. దక్షిణానికి వచ్చేప్పుడు అదే కుదించుకుపోతుంది, ఎదురు వస్తుంది. ఈ సంగతి ఏ యాప్ తనంతట తాను చెప్పదు. గ్రాంట్ సమాధి, టారీటౌన్ స్థానాలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఆ రోజు సమాధి దగ్గర నీళ్ళు నిలబడ్డ పావుగంటకి తాడు విప్పాను. జార్జ్ వాషింగ్టన్ వంతెన కింద ప్రవాహం అందుకుంది. యాంకర్స్ ఊరు దాటాం, టాపన్ జీ వంతెన దాటాం, సింగ్ సింగ్ జైలు గోడలు కుడిచేతి వైపు వచ్చాయి, ఇంకా నీళ్ళు మావైపే. ఒక్కసారి కూడా మోటారు ముట్టుకోలేదు. పెట్రోలు డబ్బా ఈసారి పడవలోనే ఉంది లెండి.

మొహికన్లు ఈ నదిని రెండువైపులా పారే నది అని అర్థం వచ్చే పేరుతో పిలిచేవారట. మనకైతే పోటు టైమ్ చెప్పే యాప్ ఇంట్లో గోడకే ఉంది. గుళ్ళో ఇచ్చిన తెలుగు క్యాలెండర్. పౌర్ణమికీ అమావాస్యకీ బ్యాటరీ దగ్గర పోటు ఉదయం, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల ప్రాంతంలో నిండుతుంది. ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం కలుపుకుంటూ పోవడమే. తిథి చూసి నోటిలెక్క వేసి, తర్వాత ఫోన్ తీస్తాను. పావుగంట, అరగంట తేడాలో కలుస్తుంది. అష్టమి, నవమి అని మావాళ్ళు ప్రయాణాలు పెట్టుకోరు. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్ళ వడి తక్కువగా ఉంటుంది, కొత్త చుట్టాల్ని పడవెక్కించడానికి నాకు అవే సుముహూర్తాలు. మా అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు.

ఇంటివైపు వాళ్ళు కొందరు అడిగారు, గోదావరి పాయల్లో పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా అని. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన తీరానికి పోటు అంచనాలు ఇస్తుంది, సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు వేస్తుంది. అవి రేవుల లెక్కలు, ఎత్తు లెక్కలు. కాకినాడ పోటు టైమ్ పట్టుకుని గౌతమిలో పడవ వదిలితే నాకు జరిగిందే జరుగుతుంది. డొక్క విసరాల్సిందే.

డబ్బులో చెప్పాలంటే: నోవా ప్రింటు, ఎక్స్‌టైడ్, స్టీవెన్స్ సైటు ఉచితం, ఈ మూడింటితో ఏడాది నడిపేయొచ్చు. ఐఫోన్ ఉంటే ఆయ్‌టైడ్స్ కొనండి, దీనికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఎండలో కనపడకపోవడానికి అర మార్కు కోత, అది ఫోన్ తప్పే అయినా సరే. నావియోనిక్స్ చార్టు అవసరమున్నవాళ్ళకే. ఎల్‌డ్రిడ్జ్ ఒక్క ఏడాదిది కొంటే చాలు, పట్టికలు పాతబడతాయి గానీ ప్రవాహం పటాలు చాలాకాలం పనికొస్తాయి. చేపబొమ్మ యాప్‌కి ఒకటి, చేప బాగుంది కనక.

వచ్చే శనివారం పొకీప్సీ వైపు పోదామని అనుకుంటున్నాం, రెండు రోజుల ప్రయాణం. సమాధి దగ్గర స్లాక్ 6:40కి. ఆరింటికల్లా డాక్ మీద ఉండాలన్నాను. మా ఆయన, “మరి ఇడ్లీలు?” అన్నారు. ఇడ్లీలు ప్రవాహం అందుకున్నాక, వంతెన కింద.